నవ్వినవాళ్ళ మన్ను

"నువ్వు నవ్వావా, లేదా? ముందు అది చెప్పు."

జుల్బియే ముసలమ్మ గొంతులో బలం లేదు గానీ అడిగిన మాటలో ఉంది. పక్కింటి పెరిహాన్ పుదీనా వేసి కాచిన పెరుగు సూపు గిన్నె పట్టుకుని మంచం పక్కన బిగుసుకుపోయింది. ఆమె వచ్చింది వేరే పని మీద. పోయేవాళ్ళ దగ్గరికి ఉన్నవాళ్ళు వచ్చి, "నామీద నీకేదైనా హక్కు మిగిలుంటే హలాల్ చెయ్యి" అని అడిగి, "హలాల్" అనిపించుకుని వెళ్ళడం ఆ ఊరి ఆచారం. దేవుడి పట్ల చేసిన తప్పు దేవుడు మన్నిస్తాడు. మనిషి పట్ల చేసింది ఆ మనిషే మన్నించాలి. మన్నించకుండా పోతే అవతల లోకంలో ఆ మనిషి ఎదురుగా నిలబడి జవాబు చెప్పుకోవాలి. ఆ భయం కొద్దీ తాష్‌లీఓవాలో ఎవరు మంచం పట్టినా జనం గుమ్మం ముందు వరస కడతారు. జుల్బియే మంచం పట్టిందంటే ఊరు ఊరంతా రావాలి. ఆ ఊళ్ళో పోయిన ప్రతి ఆడమనిషికీ చివరి స్నానం చేయించింది ఆవిడే. ఎవరి దగ్గరా సబ్బు ముక్క కూడా పుచ్చుకోలేదు.

"అయ్యో పిన్నీ, నేనెందుకు నవ్వుతాను? నేను వెనకెక్కడో ఉన్నాను. ఏమన్నాడో వినపడనే లేదు."

"ఈ మంచం మీద నాకు వినపడింది. మైదానంలో నిలబడ్డ నీకు వినపడలేదా?"

"ఆ రోజు గాలి చూశావా పిన్నీ, చెవుల్లో హోరు."

"మీ అమ్మని కడిగి, చెవుల్లో దూది పెట్టింది నేనే. పొరపాటున నీ చెవుల్లో కూడా పెట్టేశానేమోనే పెరిహాన్, వయసు మీద పడింది కదా, గుర్తులేదు."

పెరిహాన్ ముఖం కందిపోయింది. గిన్నె కిటికీలో పెట్టి, గోడకి ఆనుకుని నిలబడ్డ నెఫీసె వైపు ఒక్కసారి చూసి, వెంటనే చూపు నేల మీదికి దించేసింది. నెఫీసె ఆ ముసలమ్మ కూతురు. పశువుల డాక్టరు. ఈసారి మేయర్ పదవికి నిలబడింది. ఇంటికి వచ్చినవాళ్ళంతా తల్లిని హలాల్ అడిగారు గానీ, కూతురితో ఒక్క ముక్క మాట్లాడినవాళ్ళు లేరు.

"హలాల్ చెయ్యి పిన్నీ," అంది పెరిహాన్ గుమ్మం దగ్గర ఆగి.

"నవ్వలేదంటివి కదా. నవ్వనిదానికి నా హలాల్ ఎందుకు? పో."

తలుపు పడింది. నెఫీసె సూపు గిన్నె తీసుకెళ్ళి వాకిట్లో పిల్లులకు పోసింది. తల్లికి పెట్టాలంటే ఆమెకి చేతులు రాలేదు.

అంతకు ముందు వారం దేశాధ్యక్షుడు ఆ ఊరికి వచ్చాడు. ఎన్నికల సభకి కాదట, ప్రారంభోత్సవాలకట. గద్దెనెక్కిన రోజున గుండె మీద చెయ్యేసుకుని "నేను ఏ పార్టీవాణ్ణీ కాను, అందరివాణ్ణి" అని ప్రమాణం చేసినవాడు కదా, సభ అంటే బాగుండదు. అందుకని ఎన్నికల నెల రాగానే ఊరూరా తిరిగి రిబ్బన్లు కత్తిరిస్తాడు. నావికాదళంలో పెద్ద హోదాలో చేసి దిగిన మనిషి. తెల్ల మీసం, ఇస్త్రీ నలగని కోటు, నోరు మాత్రం రేవులో మూటలు మోసేవాళ్ళు విన్నా చెవులు మూసుకునే నోరు. తాష్‌లీఓవాలో కొత్తగా కట్టింది ఒక్కటీ లేదు. ఏనాటి నుంచో పిల్లలకు టీకాలు వేస్తున్న ఆసుపత్రికి మళ్ళీ సున్నం కొట్టి, మళ్ళీ రిబ్బను కట్టారు. చౌరస్తాలో ఎండిపోయిన ఫౌంటెన్లో ట్యాంకరు తెచ్చి నీళ్ళు పోశారు. బడులకు సెలవిచ్చి టీచర్లని బస్సులెక్కించారు. వచ్చినవాళ్ళకి రొట్టె, ఉప్పు మజ్జిగ సీసా. కసాయి దుర్సున్ వేదిక కింద పొట్టేలుని కోశాడు. బెకిర్ ఇమాం దువా ప్రార్థన చదవడానికి మెట్ల మీద సిద్ధంగా ఉన్నాడు. నీళ్ళు రావన్నా, ఎవరో పోయారన్నా చాటింపు వేసే మునిసిపాలిటీ మైకులున్నాయి కదా వీధి వీధినా, స్తంభాల మీద, వాటన్నిటికీ ఆ ప్రసంగం కలిపేశారు. ఇంట్లో దాక్కున్నా తప్పించుకోలేవు.

అప్పుడు నెఫీసె ఊరి చివర ఒక కొట్టంలో ఉంది. ఆవు ఈనలేక అవస్థ పడుతోంది, దూడ అడ్డం తిరిగింది. భుజం దాకా రబ్బరు తొడుగు వేసుకుని లోపల కాలు వెతుకుతోంది. బయట స్తంభం మీంచి ఆ గొంతు వస్తోంది.

"ముగ్గురట! మనం నిలబెట్టిన తమ్ముడి మీద ముగ్గురు పోటీ అట! ఒకడు నల్లకోటు. పొద్దున ఒక దొంగ తరఫున, సాయంత్రం ఇంకో దొంగ తరఫున. ఇంకో పెద్దాయనకి చూపు ఆనదు. పాపం, ఓటు కాగితం మీద తన పేరు తను వెతుక్కోవడానికి కూడా ఎవరో ఒకరు తోడు కావాలి!" జనం హుషారుగా అరిచారు. "ఇక మూడోది. ఆవు కడుపులో మోచేతి దాకా చెయ్యి పెట్టే ఆడది. ఆ చెయ్యి తీసుకొచ్చి మీ ఊరి ఖజానాలో పెడుతుందట! అమ్మా, ముందు చెయ్యి కడుక్కొని రా తల్లీ!"

నవ్వు. మామూలు నవ్వు కాదు. పొట్ట పట్టుకుని, పక్కవాడి భుజం మీద కొట్టి నవ్వే నవ్వు, మైకుల్లోంచి ఊరి మీద కుమ్మరించినట్టు పడింది. "దాని ఇంట్లో నమాజు చాప కూడా ఉండదు, దాని చేత్తో పెట్టింది మీ పిల్లలు తింటారా?" అన్నాడు. మళ్ళీ నవ్వు. ఆ తరవాత బెకిర్ ఇమాం గొంతు, దువా. జనం ఆమీన్.

నెఫీసె చెయ్యి ఆవు కడుపులోనే ఉంది. తలెత్తి చూస్తే ఆవుగలాయన మీసం కింద పెదవి వణుకుతోంది. నవ్వు ఆపుకుంటున్నాడు! ఆయన ఆవు, ఆమె చెయ్యి, ఆయనకే నవ్వొచ్చింది. ఆమె తనవైపు చూడటం గమనించి చటుక్కున గంభీరంగా ముఖం పెట్టాడు.

"దూడ బతుకుతుందా డాక్టరమ్మా?"

బతికింది. ఆమె తొడుగు తీసి బకెట్లో చెయ్యి కడుక్కుంది. ఎన్నిసార్లు కడిగినా కడిగినట్టు అనిపించలేదు. అసహ్యం వేసింది. ఆ మైకులో మనిషి మీద కాదు. వాడు ఒక్కడు. వాడు మళ్ళీ ఇంకో ఊరికి పోతాడు. అసహ్యం ఇక్కడ మిగిలేవాళ్ళ మీద.

ఆ రోజు ఇంటికి వచ్చేసరికి తల్లి మంచం మీద లేచి కూర్చుని ఉంది. వారం రోజులుగా లేవని మనిషి.

"విన్నావా అమ్మా?"

"నవ్వు విన్నాను. అతను అన్నదానిదేముంది, వాళ్ళ పని అది. నవ్వు విన్నాను. ఆ నవ్వులో నేను కడిగిన వాళ్ళ పిల్లలున్నారు." కాసేపు ఊపిరి తీసుకుని, "ఇప్పుడు వస్తారు చూడు, హలాల్ కోసం," అంది.

వచ్చారు. రోజూ వచ్చారు. వచ్చిన ప్రతివాళ్ళనీ ముసలమ్మ అదే అడిగింది. ఒకడు బస్సు దిగనే లేదన్నాడు. ఒకడు మజ్జిగ కోసం వరసలో ఉన్నానన్నాడు. టీచరమ్మ ఒకామె హాజరు వేయించుకుని వెనక దారిన వెళ్ళిపోయానంది. ఆవుగలాయన కూడా జున్నుపాలు పట్టుకుని వచ్చాడు. తను కొట్టంలో డాక్టరమ్మతోనే ఉన్నానని సాక్ష్యం చెప్పాడు, అది నిజమే. "నవ్వావా?" అంటే, "నేను సభకే పోలేదు కదమ్మా" అన్నాడు. నెఫీసె ఆయన మీసం వైపు అలా చూస్తూ ఉంది. ఆయన జున్నుపాలు అక్కడే వదిలేసి పోయాడు.

"చూశావా," అంది తల్లి ఆ సాయంత్రం. "మైదానం నిండా జనం. నవ్వినవాడు ఒక్కడూ లేడు. మరి ఆ నవ్వు పొట్టేలు నవ్విందా?"

నెఫీసెకి నవ్వొచ్చింది. ఇద్దరూ నవ్వుకున్నారు. ముసలమ్మకి దగ్గు వచ్చింది, దగ్గు తగ్గాక కూతురి చెయ్యి పట్టుకుంది.

"ఇది విను. నవ్వానని నలుగురు వినేలా ఒప్పుకున్నవాడికి హలాల్. నా తరఫున నువ్వు చెయ్యి. ఒప్పుకోనివాడికి లేదు. వాడి మన్ను నామీద పడకూడదు. నాకు మాటివ్వు."

"ఇచ్చాను."

"ఓట్లు పోతాయి."

"పోనీ."

"అలాగని ఊరికే అనకు. బాగా ఆలోచించుకుని చెప్పు."

నెఫీసె ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. పాత వంతెన కూలి గొర్రెల మంద మునిగిన ఊరు, కబేళా నెత్తురు తాగే నీళ్ళ కాలవలో కలిసే ఊరు, బాగు చేయాలని దిగింది. గెలవాలని ఆమెకి లోలోపల చాలా ఉంది. "మాట ఇచ్చానమ్మా," అంది మళ్ళీ.

రెండు పొద్దులు గడవకముందే తెల్లారగట్ల జుల్బియే పోయింది.

నెఫీసె తల్లిని తనే కడిగింది. తల్లి నేర్పిన పద్ధతిలోనే, కుడి వైపు నుంచి మొదలుపెట్టి, నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయో లేదో మోచేతి మీద పోసి చూసుకుని. ఆ చేత్తోనే. పెరిహాన్ సాయానికి వస్తానంటే రానివ్వలేదు. స్తంభాల మీద మైకులు ఆ పేరు చాటాయి. వారం కిందట ఆమె కూతుర్ని తిట్టిన మైకులే.

శవం మసీదుకి తీసుకెళ్ళేలోగా తుర్గాయ్ వచ్చాడు. నెఫీసె పార్టీకి ఆ ఊళ్ళో పెద్ద, ప్రచారమంతా అతని చేతిలోనే. నల్ల టై కట్టుకుని, ముఖం వేలాడేసుకుని వచ్చాడు. ఓదార్పు మాటలు గబగబా ముగించి ఆమెని పక్కకి పిలిచాడు.

"అక్కా, ఇలాంటప్పుడు చెప్పకూడదు గానీ చెప్పక తప్పదు. ఊరంతా వస్తుంది. వాళ్ళకి సిగ్గుగా ఉంది. సిగ్గుపడే మనిషి దారికొస్తాడు. సమాధి దగ్గర నువ్వొక్క మాట అను. 'మా అమ్మ అందరికీ హలాల్ చేసింది, నేనూ చేశాను' అని. కాస్త కన్నీళ్ళు వస్తే ఆపుకోకు. మనవాడు ఫోన్లో తీస్తాడు. ఆ దెబ్బతో గెలిచేస్తాం."

"అమ్మ అలా చెయ్యలేదు."

"చేసిందో లేదో ఎవరికి తెలుసు?"

"నాకు తెలుసు."

"అక్కా! పోయినావిడ లేచి వచ్చి అబద్ధం అంటుందా?"

నెఫీసె అతని ముఖంలోకి చూసింది. అధ్యక్షుడి మీసం లేదు, కోటు కూడా చవకది. అంతే తేడా. "పక్కకి జరుగు తుర్గాయ్, శవపేటిక వస్తోంది," అంది.

మసీదు వాకిట్లో రాతి బల్ల మీద పేటిక పెట్టారు. బెకిర్ ఇమాం జనం వైపు తిరిగి అడగాల్సింది అడిగాడు.

"ఈమెని ఎలాంటి మనిషిగా ఎరుగుదురు?"

"మంచి మనిషిగా ఎరుగుదుం."

"మీ హక్కు హలాల్ చేస్తున్నారా?"

"హలాల్! హలాల్! హలాల్!"

ఒక్క గొంతుతో అన్నారు. మైదానంలో నవ్విన గొంతే అది, నెఫీసె పోల్చుకుంది. ఈమె వాళ్ళకి ఏం చేసిందని వాళ్ళు హలాల్ చేస్తున్నారు? వాళ్ళ తల్లుల్ని కడిగిందనా? ఎంత దయ! దువా చదివేటప్పుడు ఇమాం ఒక్కసారి కూడా నెఫీసె వైపు చూడలేదు.

ఆడవాళ్ళు శ్మశానం గేటు దగ్గర ఆగిపోతారు. నెఫీసె ఆగలేదు. ఎవరో "అమ్మా, వద్దు" అన్నారు. వినలేదు. తల్లిని గోతిలో దించి, పైన పలకలు అడ్డం పెట్టేదాకా అంచున నిలబడి చూసింది. ఆ తరవాత ఆమే పార అందుకుని మూడుసార్లు మన్ను వేసింది. వేసి పార కింద పడేసింది. అక్కడ పార చేతికి చేతికి ఇవ్వరు, అరిష్టం. వేసినవాడు నేల మీద పెడతాడు, వెయ్యదలచినవాడు వంగి తీసుకుంటాడు. తుర్గాయ్ మనిషి ఫోను ఎత్తి పట్టుకున్నాడు.

"మా అమ్మ ఒక మాట చెప్పి పోయింది," అంది నెఫీసె. "ఆ రోజు మైదానంలో నవ్వినవాళ్ళు ఆమె మీద మన్ను వెయ్యకూడదు. నవ్వానని ఇక్కడ అందరి ముందూ ఒప్పుకున్నవాడికి హలాల్. నవ్వనివాళ్ళు వచ్చి పార తీసుకోండి."

ఎవరూ కదల్లేదు.

మంచం పక్కన అయితే ఒక్కొక్కడూ ఒంటరిగా వచ్చాడు, ఏం చెప్పినా చెల్లింది. ఇక్కడ పక్కనున్నవాడు ఆ రోజూ పక్కనే ఉన్నాడు. వంగి పార తీసుకుంటే, "ఒరేయ్, నా వీపు మీద కొట్టి మరీ నవ్వావు కదరా" అని వాడు అనకపోవచ్చు, కానీ చూస్తాడు. ఆ చూపుకి భయపడి అంత మంది మగాళ్ళు బూట్ల వైపు చూస్తూ నిలబడిపోయారు. ఆవుగలాయన ఇంకొకరి వెనక్కి జరిగాడు. పార మట్టి మీద అలా పడి ఉంది.

తుర్గాయ్‌కి ఓపిక పోయింది. "ఏంటక్కా ఇది, శవం దగ్గర!" అని గొణిగి, ఫోనువాడికి కనుసైగ చేసి, ముందుకొచ్చి వంగాడు.

"ఆగు."

కసాయి దుర్సున్. ఇంటికి హలాల్ అడగడానికి రానివాళ్ళలో వీడొకడు. దున్నపోతులాంటి మనిషి, జనాన్ని తోసుకుని వచ్చాడు.

"నువ్వెందుకు తీస్తున్నావు పార? నా పక్కనే నిలబడ్డావు కదా తుర్గాయ్. ప్రత్యర్థులు ఏమంటారో విని రావాలన్నావు. నాకన్నా గట్టిగా నవ్వావు. కళ్ళనీళ్ళు తుడుచుకున్నావు, నా తువ్వాలుకి!"

తుర్గాయ్ వంగినవాడు వంగినట్టే ఉండిపోయి, మెల్లిగా లేచాడు. "అది... జనంలో కలవాలి కదక్కా. మొహం మాడ్చుకుని నిలబడితే కొడతారు."

నెఫీసె అతని చేతుల వైపు చూసింది. తన ఫొటో ఉన్న కాగితాలు గోడల మీద అంటించిన చేతులు అవి.

"నేనూ నవ్వాను," అన్నాడు దుర్సున్. అందరి వైపూ తిరిగి, బజార్లో ధర అరిచే గొంతుతో. "పొట్టేలు నెత్తురు చేతికి ఉండగానే నవ్వాను. చెయ్యి కడుక్కోమన్నాడు కదా, నా చెయ్యి చూసుకోకుండా నవ్వాను. మా అమ్మని ఈవిడ కడిగింది. ఇంటికి వచ్చి నవ్వలేదని చెప్పడానికి నోరు రాలేదు, నవ్వానని చెప్పడానికి దమ్ము చాల్లేదు. అదీ సంగతి."

"హలాల్," అంది నెఫీసె.

దుర్సున్ పార తీసుకుని మన్ను వేశాడు. వేస్తూ ఏడ్చాడు, ముక్కు చీదాడు, మళ్ళీ వేశాడు. అది చూసి ముసలి కుమ్మరి ఒకాయన, "నేనూ నవ్వానమ్మా" అన్నాడు. ఇంకో ఇద్దరు అన్నారు, ఒకడు మరీ నెమ్మదిగా అంటే దుర్సున్ "గట్టిగా చెప్పు!" అని కసిరాడు. అంతే. నలుగురు. తక్కినవాళ్ళు ఒక్కొక్కరే జేబుల్లో చేతులు పెట్టుకుని గేటు వైపు నడిచారు. పోయినావిడ పేరిట హల్వా పంచే చోట మాత్రం వరసలో నిలబడ్డారు. తుర్గాయ్ ఫోనువాడి భుజం పట్టుకుని, "అంతా చెరిపెయ్, అంతా," అంటూ వెళ్ళాడు. పోతూ పోతూ వెనక్కి తిరిగి, "పోయింది అక్కా, సీటు పోయింది," అన్నాడు, ఆమే ఏదో దొంగిలించినట్టు.

ఆ నలుగురూ గోతిని పూడ్చి, నీళ్ళు చల్లి, వెళ్ళిపోయారు. మిగిలింది బెకిర్ ఇమాం. జనమంతా పోయాక ఇమాం ఒక్కడే సమాధి తల దగ్గర కూర్చుని, లోపలున్న మనిషికి చెప్పాలి: దేవదూతలు వచ్చి అడుగుతారు, భయపడకు, ఇలా ఇలా జవాబు చెప్పు అని. అప్పుడు అక్కడ వేరే మనిషి ఉండకూడదు.

"వెళ్ళమ్మా," అన్నాడు ఇమాం. "నేను ఒంటరిగా ఉండాలి."

"మీరు నవ్వారా ఇమాం గారూ?"

ఆయన గడ్డం సవరించుకున్నాడు.

"నవ్వలేదు. ఒట్టు. నాకు నవ్వు రాలేదు." సమాధి మీద తడి మన్ను వైపు చూపు తిప్పుకున్నాడు. "ఆమీన్ అన్నాను. అందరిచేతా అనిపించాను."

"అమ్మ నలుగురిలో చెప్పమంది. శుక్రవారం మసీదులో చెప్పండి."

"ఉద్యోగం పోతుంది తల్లీ. ఎక్కడో కొండల్లోకి విసిరేస్తారు."

"పోతుంది," ఒప్పుకుంది నెఫీసె.

ఆయన 'హలాల్' అన్న మాట కోసం ఆగాడు. ఆమె దగ్గర ఆ మాట లేదు. చేతులకంటిన మన్ను దులుపుకోకుండా గేటు వైపు నడిచింది. వెనక ఇమాం మోకాళ్ళ మీద కూర్చోవడం వినపడింది. శ్మశానం గోడ పక్క స్తంభం మీద మైకు గరగరమని తెరుచుకుంది. అధ్యక్షుడి గొంతే. ఇవాళ ఇంకో ఊళ్ళో రిబ్బన్లు. అక్కడ పోటీలో ఉన్న రొట్టెల బట్టీ ఆయన గురించి ఏదో అంటున్నాడు, పిండి అంటిన ముఖం గురించి. ఆ ఊరు నవ్వుతోంది.

ఇమాం పెదవులు తెరిచి జుల్బియే పేరు పిలిచాడు. ఆ నవ్వు ఆగేదాకా తరవాతి మాట ఆయనకి రాలేదు.